పున్నమ్మను తీసేసిన వేసవి

ఆ యేడు కాలవలకి నీళ్ళు కట్టేసిన వారానికే మా ఆయన బందరు నుంచి మాటలు తేవడం మొదలుపెట్టారు. అంతకుముందు బందరు వెళ్తే లడ్డూలు తెచ్చేవారు. లడ్డూలయితే తిని ఊరుకునేవాళ్ళం. ఆ మాటలు మాత్రం మా ఇంట్లో ఎవరికీ అరగలేదు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవి సంగతి ఇది.

మా ఆయన ధనుంజయరావు పెడన బోర్డు స్కూల్లో మేష్టారు. సొంతూరు దివిసీమలో ఎదురుమొండి. చుట్టూ నీళ్ళు, ఎటు వెళ్ళాలన్నా పడవెక్కాలి. నాతో పెళ్ళి కాకముందు నుంచీ కథలు రాస్తున్నారు. ఒక్కటీ అచ్చు కాలేదు. పంపినవన్నీ ఇల్లు తెలిసిన ఆవుల్లా కొన్నాళ్ళకి వాటంతటవే తిరిగొచ్చేవి. పైన ఒక చిన్న చీటీ ఉండేది. ప్రచురణకు అనుకూలంగా లేనందుకు చింతిస్తున్నామని. చింతించేది వాళ్ళు కాదు, మేము. పోస్టుమాను గుమ్మంలోకి రాగానే మా ఆయన మొహం చూడలేక నేను దొడ్లోకి పోయేదాన్ని.

నేను వీరలక్ష్మిని. అద్దకం పని చేసే కోటయ్య కూతుర్ని. ఐదో తరగతి దాకా చదివాను, అక్షరాలు గుండ్రంగా రాస్తాను. ఆయన కథలకి శుద్ధప్రతి ఎప్పుడూ నేనే రాసేదాన్ని. మా పుట్టిల్లు కూడా పెడనే, మా ఇంటికి రెండు వీధుల అవతల. అక్కడ మా నాన్నది ఒక పట్టుదల ఉండేది. అచ్చులతో అద్దిన బట్టని కాగులో వేసి ఉడికించేదాకా ఎవరూ దాన్ని ఒక్క మాట అనకూడదు. పటికనీళ్ళతో అద్దిన పువ్వు కంటికి సరిగ్గా ఆనదు. చిరివేరు వేసి ఉడికిస్తేనే దాని ఎరుపు బయటపడుతుంది. అందుకని ముందే చూసి ఇక్కడ పాలిపోయింది, అక్కడ వంకర పోయింది అంటే నాన్నకి ఒళ్ళు మండేది. "ఉడకనీ. అప్పుడను" అనేవాడు. ఏమైనా అనక తప్పకపోతే బాగుంది అనాలి. ఆ బాగుందితోనే పెరిగాను, దాన్నే పట్టుకుని అత్తారింటికొచ్చాను.

మాకు పిల్లల్లేరు. మా ఆయన తక్కువ మాటల మనిషి. స్కూలు నుంచి వచ్చి కాఫీ తాగి, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని ఆ రోజు రాసింది చదివేవారు. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ వినేదాన్ని. ఆయన చిన్నతనం, ఆయన భయాలు, ఎవరి మీద కోపమో, ఎవరి మీద జాలో, అన్నీ నాకు ఆ చదువులోనే తెలిశాయి. మామూలుగా అడిగితే చెప్పే మనిషి కాదు. చదవడం అయ్యాక, "ఎలా ఉంది?" అనేవారు. బాగుందండీ అనేదాన్ని. అది అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకా ఉడకలేదు కదా అనుకునేదాన్ని. నాకు ఆ సాయంత్రాలంటే ప్రాణం. మా కాపురం వంటింట్లోనో పడగ్గదిలోనో కాదు, ఆ అరుగు మీదే ఉండేది.

ఆ వేసవిలో మద్రాసు వారపత్రిక ఒకటి దీపావళి కథల పోటీ పెట్టింది. గడువు జూన్ నెలాఖరు. ఆయన అప్పటికే ఏటిలంక అని ఒక కథ మొదలుపెట్టి ఉన్నారు. ఏరు మేట వేసిన లంక భూమి కోసం ఇద్దరన్నదమ్ములు కొట్టుకుంటారు. చివరికి వరదొచ్చి ఆ లంకని ఏరే తీసుకుపోతుంది. పత్రికలో ప్రకటన చూసిన సాయంత్రం, "ఇది కూడా తిరిగొస్తే ఇంక రాయను" అన్నారు. అలాంటి మాట ఆయన నోట అంతకుముందెప్పుడూ రాలేదు. నాకు గుబులు పుట్టింది. రాయకపోతే చదవరు. చదవకపోతే మా ఇద్దరికీ మాటేదీ?

కథలో అన్నదమ్ములిద్దరి మీదా నాకంత మమకారం లేదు. వాళ్ళు పొద్దస్తమానం వాదించుకుంటూ ఉంటారు. నాకు నచ్చింది పున్నమ్మ. ఆవిడ మా ఆయన సొంత పెద్దమ్మ. తల్లి పోతే ఆయన్ని సాకింది ఆవిడే. నేను కాపురానికి రాకముందే పోయింది, ఫొటో కూడా లేదు. కథ మొదట్లో తమ్ముడు చిన్నవాడుగా ఉన్నప్పుడు పడవెక్కి అవతలి ఒడ్డున బడికి వెళ్తుంటాడు. పున్నమ్మ చద్దన్నం మూటతో రేవులో నిలబడి పడవ తాడు పట్టుకుంటుంది. వాడు ఆఖరి ముద్ద మింగేదాకా తాడు వదలదు. పడవలో జనం గోల పెడతారు. సరంగు తిడతాడు. "ఏరెక్కడికీ పోదురా, ముందు వాడి ఆకలి పోనీ" అంటుంది. పడవ నడి ఏట్లోకి వెళ్ళిపోయాక కూడా ఆవిడ ఒడ్డున నిలబడి జాగ్రత్తలు చెప్తూనే ఉంటుంది. మాట వినపడదు, చెయ్యి మాత్రం ఆడుతూ కనపడుతుంది. ఆ మూడు పేజీలు ఆయన మొదటిసారి చదివిన సాయంత్రం నేను రాళ్ళేరడం మరిచిపోయాను. ఆ మర్నాడు అన్నంలో రాళ్ళు పడ్డాయి కూడా. ఆ సాయంత్రం చదవడం ముగించి, ఎలా ఉంది అన్నారు. బాగుందండీ అన్నాను.

కాలవలు కట్టేసిన రోజుల్లోనే ఆయనకి చంద్రమౌళి గారి సంగతి తెలిసింది. మద్రాసులో వారపత్రికల్లో చాలాకాలం ఉపసంపాదకుడుగా చేసి, కళ్ళు మందగించాక ఉద్యోగం మానేసి బందరు ఈడేపల్లిలో సొంతింటికొచ్చి ఉంటున్నారట. ఎవరి కథలు తిరిగొచ్చాయో వాళ్ళు వెళ్ళి అడిగితే ఎందుకు తిరిగొచ్చాయో ఓపిగ్గా చెప్తారట. మా ఆయన ఆదివారం గుడివాడ పాసింజరులో బందరు వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగొచ్చారు. సంచిలో లడ్డూల్లేవు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"లక్ష్మీ, నా కథలకి ఏం జబ్బో నాకిన్నాళ్ళూ తెలీదు. ఆయన ఒక్కో జబ్బుకీ పేరు చెప్పారు" అన్నారు.

ఆ రోజు తెచ్చిన మాట ఎత్తుగడ. కథ ఎక్కడ మొదలుపెట్టాలన్నది. మా ఆయన కథలన్నీ తెల్లవారి కోడి కూయడంతో మొదలవుతాయి. అసలు సంగతి మధ్యాహ్నానికి గాని జరగదు. తర్వాతి ఆదివారం ప్యాడింగ్ అన్న మాట తెచ్చారు. దిండులో దూది కూరినట్టు కథలో కూరే పనికిరాని సరుకట. ఆ పై వారం పునరుక్తి. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పడం. తర్వాత దృష్టికోణం. కథని ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నది. ప్రూఫులు దిద్దే గుర్తులు కూడా నేర్చుకొచ్చారు. అక్కర్లేని దాని మీద గీత కొట్టి పక్కన అంచులో ఒక మెలిక తిప్పితే తీసెయ్యమని. కొట్టేసినదాన్ని మళ్ళీ ఉండనివ్వాలనుకుంటే దాని కింద వరసగా చుక్కలు పెట్టి స్టెట్ అని రాయాలి. నేర్చుకొచ్చినవన్నీ నాకూ నేర్పారు. నేర్పితే తనకి గట్టిపడతాయని. నాకు సరదాగానే ఉండేది. స్కూలుకి సెలవులు, కాలవల్లో నీళ్ళు లేవు, ఊరంతా పని లేక అరుగుల మీద కూర్చుని ఉంది. మా అరుగు మీద మాత్రం బడి నడుస్తోంది.

మొదట్లో నవ్వొచ్చేది. పక్కింటి రాహేలు చల్లకోసం గిన్నె పట్టుకొచ్చి, వాళ్ళ తమ్ముడి పెళ్ళిలో గుడి పందిట్లో పాస్టరు గారికీ పెళ్ళికూతురి మేనమామకీ జరిగిన మాటామాటా మొత్తం చెప్పి వెళ్ళింది. ఆవిడ గుమ్మం దాటగానే మా ఆయన, ఎత్తుగడ ఆలస్యం, పునరుక్తి ఎక్కువ అన్నారు. చల్లకోసం వచ్చిన మనిషికి ఎత్తుగడేమిటండీ అని నేను పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వారు. కొన్నాళ్ళకి ఆ తీర్పులు నా దాకా వచ్చాయి. బజార్నుంచి వచ్చి ఏదో చెప్పబోతే, అసలు సంగతికి రా అనేవారు. ఇందాక చెప్పావుగా అనేవారు. కోపంగా కాదు, పాఠం అప్పజెప్పుతున్నట్టు. మనిషి మారిపోతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. కథ బాగుపడుతోంది కదా అని ఊరుకున్నాను.

కథని మళ్ళీ మళ్ళీ తిరగరాశారు. పాత ప్రతులు కుప్ప పడేవి. వాటి మీద మా నాన్న కన్ను పడింది. కాలవలో పారే నీళ్ళుంటేగాని అద్దిన బట్ట ఉతకడానికి లేదు. ఉతకడానికి లేనప్పుడు ఉడికించి లాభం లేదు. అందుకని వేసవిలో అద్దినవన్నీ నాన్న ఇంట్లో మడతలు పెట్టి పేర్చి ఉంచేవాడు. మడతకీ మడతకీ మధ్య కాయితం పెడితే నల్ల అచ్చు అవతలి మడతకి అంటుకోదు. అల్లుడుగారి కాయితాలు ఊరికే పోతున్నాయి కదా, నాకివ్వండి అని కబురు చేశాడు. మా ఆయన సంతోషంగా ఇచ్చారు. నేనే మోసుకెళ్ళేదాన్ని.

మే నెలలో ఒక మధ్యాహ్నం శుద్ధప్రతి రాయమని కొత్త ప్రతి నా ముందు పెట్టి ఆయన స్టేషను వైపు వెళ్ళారు. పేజీలు తిప్పుతూ రేవు దగ్గరకొచ్చాను. మూడు పేజీల మీదా పైనుంచి కిందకి ఒకటే గీత. పక్కన మెలిక. పున్నమ్మని తీసేశారు.

కలం తీసుకుని ఆయన నేర్పిన విద్యే చేశాను. ఆ మూడు పేజీల్లో ప్రతి పంక్తి కిందా చుక్కలు పెట్టాను. ఒక్క పంక్తి వదల్లేదు. పక్కన స్టెట్ అని గుండ్రంగా రాశాను.

ఆయన వచ్చి చూశారు. "ఇవేమిటి?" అన్నారు.

"పున్నమ్మని ఉండనివ్వండి."

"ఎందుకుండాలో చెప్పు."

నాకు చెప్పడానికి మాట దొరకలేదు. ఆయన తెచ్చిన మాటలన్నీ లోపాలకి పేర్లు. బాగున్నదానికి పేరు ఒక్కటీ తేలేదు. చివరికి, "బాగుందండీ" అన్నాను.

"నీకన్నీ బాగుంటాయి లక్ష్మీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చదివింది ఒక్కటైనా బాగాలేదన్నావా?"

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నారు. తర్వాత పక్కన కూర్చుని విడమరిచి చెప్పారు. కథ అన్నదమ్ముల తగవుది. పున్నమ్మ ఆ తగవుని ముందుకీ తోయదు, వెనక్కీ లాగదు. ఆవిడ లేకుండా కథ నడుస్తుంది. కాబట్టి ప్యాడింగ్. ఒక్క మాట తప్పనడానికి లేదు. నడుస్తుంది, నిజమే. నేను లేకుండా కూడా ఆయన కథలు నడుస్తాయి, రాహేలు లేకుండా పెడన నడుస్తుంది. అలా లెక్కేస్తే ఎవర్ని ఉంచుతారో నాకు అర్థం కాలేదు. ఆ మాట నోట్లోనే మింగి, పున్నమ్మ లేని శుద్ధప్రతి రాసిచ్చాను. నా గుండ్రటి అక్షరాల్లో ఆ కథ ఎంతో శుభ్రంగా కనిపించింది. ఆ సాయంత్రం పాత ప్రతి నాన్నకి చేరింది, నా చుక్కలతో సహా.

జూన్ మొదటి ఆదివారం కథ చూపించడానికి బందరు వెళ్తుంటే నేనూ వస్తానని బయల్దేరాను. ఆ చంద్రమౌళి గారెవరో చూడాలనిపించింది. పెద్ద మనిషి, బక్కపలచగా ఉన్నారు. నన్ను రామ్మా అని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాయితం కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, చేతిలో ఎర్ర పెన్సిలు పట్టుకుని కథ మొత్తం చదివారు. మా ఆయన ఆ పెన్సిలుకేసే చూస్తున్నారు. అది కాయితాన్ని ఒక్కసారీ తాకలేదు.

"తప్పుల్లేవు మేష్టారూ" అన్నారు చంద్రమౌళి గారు. పెన్సిలు బల్ల మీద పెట్టి, ఇంకేదో అనబోయి, కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళ వెంట నీరు కారే జబ్బు ఉంది ఆయనకి. పంపించండి అన్నారు.

తిరుగు ప్రయాణంలో మా ఆయన చాలా రోజుల తర్వాత లడ్డూలు కొన్నారు. బండిలో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ తనలో తనే నవ్వుకుంటున్నారు. అంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. నాకూ సంతోషంగా ఉండాల్సింది. చేతిలో లడ్డూ పట్టుకుని పెడన దాకా తినకుండా కూర్చున్నాను.

ఇంకో పది రోజులకి కాలవ వదిలారు. ముందు ఎండుటాకులూ నురగా వచ్చాయి, తర్వాత ఎర్రనీళ్ళొచ్చాయి. నీళ్ళు తేరుకోగానే నాన్న కాగు పొయ్యి మీద పెట్టి చిరివేరు పోశాడు. మేమిద్దరం సాయానికి వెళ్ళాం. ఉడికిన బట్టల్ని కాలవలో జాడించి గట్టు మీద పచ్చిక మీద పరుస్తుంటే ఒక చీర అంచు చూసి మా ఆయన వంగారు. ఎర్రటి అంచు పొడుగునా ఒకటే గుర్తు, పక్కపక్కన. ఆయన కథల అంచుల్లో తిప్పిన మెలికే.

నాన్న మురిసిపోతూ వచ్చాడు. "మీ కాయితాల్లోదేనండీ అల్లుడుగారూ. తీగలా ముచ్చటగా ఉందని అచ్చు చెక్కించాను. అదేం పువ్వండీ?"

పువ్వు కాదని నాన్నకి నేను చెప్పలేకపోయాను. బాగుంది మావయ్యా అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. నాన్న ఇంకో బట్ట కోసం కాగు దగ్గరకి వెళ్ళిపోయాడు. గట్టు మీద మేమిద్దరమే మిగిలాం.

"మీ నాన్న బట్ట ఉడికింది. నాదీ ఉడికింది. ఇప్పుడు చెప్పు" అన్నారు.

ఆయన అడుగుతారని నేననుకోలేదు. నాన్న పట్టుదల సంగతి పెళ్ళయిన కొత్తల్లో ఎప్పుడో నేనే చెప్పాను. గుర్తుపెట్టుకున్నారు.

"తప్పు ఒక్కటి లేదండీ."

"అది చంద్రమౌళి గారన్నారు. నీ మాట చెప్పు."

"అందులో ఎవరూ లేరండీ" అన్నాను.

గాలికి ఒక బట్ట కొస మడత పడింది. ఆయన వంగి దాన్ని సరిచేసి, ఎగరకుండా మీద ఒక రాయి పెట్టారు. సరే అన్నారు. తర్వాత మిగతా బట్టలన్నీ ఇద్దరం కలిసి పరిచాం.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత నాతో అన్నవాళ్ళున్నారు. నేనలా అనుకోను. అడిగినవాడికి నిజం చెప్పాను. ఇప్పుడడిగినా అదే చెప్తాను. నాకు మండేదల్లా ఒక్కటే. బాగాలేదన్న మాట నా నోట వినగానే నమ్మారు. బాగుందన్న మాట ఎంత చెప్పినా నమ్మలేదు.

ఆ రోజే నేను నాన్న వసారాలో కాయితాల కోసం వెతికాను. బట్టల మడతలు విప్పినప్పుడు వాటి మధ్య కాయితాలన్నీ ఒక మూల పడేశారు. అంతకుముందు ప్రతులన్నీ ముక్కలైపోయాయి, నా చుక్కలున్న పున్నమ్మ దొరికింది. కాని చదవడానికి లేదు. నల్ల అచ్చుకి వాడే కసిం కారు అంటుకుని మూడు పేజీల మీదా నల్లటి పువ్వులు పడ్డాయి. అవి పడ్డచోటల్లా కాయితం తినేసి పొడిపొడిగా రాలుతోంది. అక్కడక్కడ నేను పెట్టిన చుక్కలు మాత్రం తెలుస్తున్నాయి. చుక్కల పైన ఉండాల్సిన మాటలు లేవు. గుర్తున్నంతలో నేను రాసి పెట్టుకుందామని ఇంటికెళ్ళి కూర్చున్నాను. ఏరెక్కడికీ పోదురా అన్న మాట వచ్చింది. తాడు పట్టుకోవడం వచ్చింది. మిగతాది ఆయన గొంతులో విన్నదే గాని కాయితం మీద నాకు రాలేదు.

ఆయన కథని మర్నాడు పోస్టు చేశారు. శ్రావణమాసం ముసురులో అది తిరిగొచ్చింది. ఈసారి నేను దొడ్లోకి పోలేదు, పక్కనే నిలబడ్డాను. చీటీ చదివి, కథతో పాటు మడిచి, ట్రంకుపెట్టె అడుగున పెట్టారు. కోపం లేదు, దుఃఖం లేదు. ఇంక రాయనని మళ్ళీ అననూ లేదు. స్కూలు నుంచి రావడం, కాఫీ తాగడం, అరుగు మీద కూర్చుని వాన చూడడం. నేను చేట పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. బియ్యంలో ఒక్క రాయి మిగిలేది కాదు. మా ఇంట్లో అంత శుభ్రమైన అన్నం ఆ వర్షాకాలమే తిన్నాం.

ఉండబట్టలేక, నాన్న బట్టలు బందరు కొట్లో ఇచ్చి వస్తానని వంక పెట్టి ఒక్కదాన్నే చంద్రమౌళి గారింటికి వెళ్ళాను. ఆయనకి చూపు ఇంకా తగ్గింది. గొంతు విని గుర్తుపట్టారు. కథ తిరిగొచ్చిందని చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

"ఒక మాట అడగడానికొచ్చానండీ. అన్నీ సరిగ్గా ఉండి, తప్పు ఒక్కటీ లేకుండా ఉండి, అందులో మనిషి లేకపోతే ఆ జబ్బునేమంటారు?" అన్నాను. పేరు తెలిస్తే మా ఆయన దాన్నీ నేర్చుకుని బాగుచేసుకుంటారని ఏదో ఆశ. ఆ మాత్రం ఆశ నాకింకా ఉండింది.

"దానికి పేరు లేదమ్మా" అన్నారు. "మద్రాసులో ఉన్నంతకాలం వెతికాను. దొరక్కపోతేనే చింతిస్తున్నామని చీటీ పెట్టి పంపేవాళ్ళం."

నేను లేవబోతుంటే మళ్ళీ ఆయనే అడిగారు. "మొట్టమొదట తెచ్చిన ప్రతిలో రేవు దగ్గర ఒక పెద్దావిడ ఉండేది. పడవ తాడు పట్టుకుని. ఆవిడేమైంది?"

"ప్యాడింగని తీసేశారండీ."

"నేను తియ్యమనలేదే. ఆ పేజీల మీద నేనసలు పెన్సిలే పెట్టలేదు."

"ఉంచమని కూడా అనలేదు కదండీ."

"అనలేదు" అన్నారాయన. "బాగున్నచోట మేం గుర్తు పెట్టమమ్మా. అది మా పనిలో లేదు."

ఆయన్నేమీ అనాలనిపించలేదు. మా నాన్న ఇంట్లో ఒక పద్ధతి, వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతి. ఆ రెంటి మధ్యా పున్నమ్మ పోయింది. నమస్కారం పెట్టి సాయంత్రం బండికి వచ్చేశాను. దారంతా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీదే ఉన్నారు. వాన వెలిసింది. ఎక్కడికెళ్ళావని అడగలేదు. చేట తెచ్చుకోకుండా ఊరికే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"పున్నమ్మ గారి సంగతి చెప్పండి. రాయక్కర్లేదు, చదవక్కర్లేదు. ఊరికే నోటితో చెప్పండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. నేనేడ్చానని తెలిసినట్టే ఉంది. చెప్పాలనే అనుకున్నారు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"మా పెద్దమ్మ పొద్దున్నే లేచి..." అని ఆగారు. "కాదు. అక్కణ్ణించి మొదలుపెట్టకూడదు."

నేను ఎదురుచూశాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. "రేవులో పడవ..." అన్నారు. మళ్ళీ ఆగారు. వేళ్ళు అరుగు మీద చిన్న మెలిక ఒకటి తిప్పాయి.

"ఎక్కణ్ణించైనా ఫరవాలేదండీ" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. వీధిలో రాహేలు ఎవరితోనో పెద్దగా ఏదో చెప్తూ పోతోంది, చెప్పిందే చెప్తూ. ఇద్దరం ఆ గొంతు సందు తిరిగి వినపడకుండా పోయేదాకా విన్నాం. దీపం పెట్టాలని నేను లేచి లోపలికెళ్ళాను.